చీకటిదీపం ముందు వెలిగిన దేవత

కాకోల రాజ్యానికి ఉత్తరాన, ఏనుగుల మంద మోకాళ్లు వంచి పడుకున్నట్టుండే నల్లకొండల నడుమ అంధకాంబ బిలం ఉంది. ఎదురుగా వచ్చే యాత్రికుల కళ్లకు అది స్వర్గద్వారమే. కొండ నెత్తిన పసుపుపచ్చని పూలపొదలు, ద్వారానికి ఇరువైపులా రాతి శరభాలు, వాటి మెడల్లో గన్నేరు దండలు, లోపలినుంచి అలలు అలలుగా తేలివచ్చే గంటల మోత. గాలి దక్షిణం నుంచి వీచినంతసేపు సాంబ్రాణి పరిమళం తప్ప మరొకటి సోకదు.

కొండ వెనక మరొక ద్వారం ఉంది. ఆ వైపు పక్షులు కూడా వాలవు.

మేఘలాద్రి యువరాజు అరింజయుడు కూలివాడి వేషంలో ఆ వెనకదారినే వచ్చాడు. ఒంటినిండా మసి, నడుముకు గోనెపట్ట, తలకు చింకిపాగా. పక్కన ఓబుళక్క. ఊరూరా గంపలు అల్లి అమ్ముకునే ఆమె, దారిలో వాగు పొంగినప్పుడు అతణ్ణి తాడు వేసి లాగి ఒడ్డెక్కించింది. అప్పటినుంచి ఇద్దరూ అక్కాతమ్ముళ్లుగా నడుస్తున్నారు. ఆమె భర్త చెంగప్ప ఈ బిలంలో రంగులు నూరే కూలికి వచ్చి తిరిగి ఇల్లు చేరలేదు.

అరింజయుడి చెల్లెలు హంసావళి కాకోల మహారాణి. ఆమె భర్త భద్రకీర్తి మహారాజు మెత్తని మనిషి. కాని తిమిరాక్షుడనే మాంత్రికుడు వచ్చాక ఆయన బుద్ధి ఆయన చేతిలో లేదు. ప్రతి అమావాస్య మధ్యాహ్నం బిలంలోని వట్టి గోడ మీద దేవి వెలుగై ప్రత్యక్షమవుతుంది. ఆమె వేలు ఎవరివైపు చూపితే వాళ్ల ప్రాణం పోతుంది. అలా వృద్ధమంత్రి పోయాడు, సేనాపతి పోయాడు. ఈసారి దేవి మహారాణినే కోరబోతోందని హంసావళి దాసి మేఘలాద్రికి కబురు మోసుకొచ్చింది.

వెనకద్వారం దగ్గర బొద్దయ్య అనే కావలిపెద్ద వాళ్లను ఆపాడు. ఒక కుండ తెచ్చి అరింజయుడి ముఖం కింద పెట్టి మూత తీశాడు.

"వాసన చూడరా. కక్కావంటే పని లేదు."

అరింజయుడు కుండలోకి వంగాడు. చివికిన చేపలూ, ఎండకు మగ్గిన మూత్రమూ, చీముపట్టిన పుండూ ఏకమై ఇనుపచువ్వలా ముక్కులోకి దూసుకుపోయాయి. కళ్లు బైర్లు కమ్మాయి. కడుపులోది గొంతుదాకా వచ్చింది. దాన్ని నోట్లోనే ఆపి, మళ్లీ మింగాడు.

"బాగానే ఉందయ్యా," అన్నాడు.

బొద్దయ్య పకపకా నవ్వాడు. "గట్టోడివే! ఏమే, నువ్వు?"

"నా వాసన ముందు నీ కుండ ఏపాటిదిలే అన్నా," అని ఓబుళక్క కుండను పక్కకు నెట్టి లోపలికి నడిచింది.

లోపలి రంగులశాలను చూసి అరింజయుడు అడుగు ముందుకు వెయ్యలేకపోయాడు. కప్పునిండా గబ్బిలాలు నల్లని కండల ముద్దల్లా వేలాడుతున్నాయి. వాటి కింద రాతితొట్లు. పైనుంచి జారిపడే మూత్రం వాటిలో నిండి, మీగడ కట్టి, ఆ మీగడలో తెల్లపురుగులు బుసబుసలాడుతున్నాయి. ఒక మూల వేగిస మాను చెక్కలు నానుతున్న బానలు. ఇంకొక మూల సారాయిలో ఊరి ముద్దకట్టిన పసుపుకొమ్ములు. చచ్చిన మానుల మీదనుంచి గీకి తెచ్చిన కుక్కగొడుగులు జిగురు కారుతూ గుట్టగా పడివున్నాయి. కూలీలు ఊదారంగు రాళ్లను రోళ్లలో దంచుతున్నారు. వాళ్ల జుట్టూ గోళ్లూ పచ్చగా పాకుడు పట్టినట్టున్నాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నోరు తెరిస్తే ఈగలు దూరుతాయి.

అప్పుడే చందనం గుప్పుమంది. తెల్లని పట్టువస్త్రాలతో, మోచేతులదాకా జింకతోలు తొడుగులతో తిమిరాక్షుడు వచ్చాడు. సన్నని మనిషి. పెళ్లిపందిరిలో తిరిగే పెద్దమనిషిలా ప్రతి తొట్టినీ పలకరిస్తూ వచ్చి, కొత్తకూలీ ముందు నిలబడ్డాడు.

"భయపడకురా. ఇవన్నీ దేవికి నగలు. గబ్బిలం ఉచ్చ ఆమెకు పాదకాంతి. వేగిసనీరు నీలాల కోక. పసుపు మేనిఛాయ. అందం ఎక్కడ పుట్టిందని ఎవడూ అడగడు. వెలుగుతోందా లేదా, అంతే చూస్తాడు." అతని గొంతులో నిజమైన మురిపెం ఉంది. అదే అరింజయుడికి పురుగుల మీగడ కంటే ఎక్కువ రోత పుట్టించింది.

"కిరీటానికి వన్నె చాల్లేదు. వీణ్ణి తేళ్లబొరియలోకి దింపు," అని బొద్దయ్యతో చెప్పి మాంత్రికుడు వెళ్లిపోయాడు.

తేళ్లబొరియ మనిషి పట్టీపట్టని చీలిక. బొద్దయ్య అరింజయుడి నడుముకు తాడు, వీపుకు చిన్న గంప కట్టి, ఒక చేతికి పటకారు, ఇంకొక చేతికి చిన్న రాగిపెట్టె ఇచ్చాడు. పెట్టెలో ఏదో తెల్లని పొడి చిటపటమంటూ మండుతోంది. దాని ముందు నల్లస్ఫటికపు పలక బిగించి ఉంది.

"ఇదేం దీపమయ్యా, వెలుగే లేదు?"

"చీకటిదీపంరా అది. నీకు వెలుగియ్యదు. అక్కడున్నవాటికి ఇస్తది. దిగు!"

దిగాడు. మోచేతులు రాళ్లకు ఒరుసుకుని చర్మం లేచింది. కాళ్లు నేలకు తగిలాక పెట్టెను ముందుకు తిప్పాడు. నేరేడుపండు రంగు మసక తప్ప ఏమీ కనిపించలేదు. మరుక్షణం గోడలు వెలిగాయి! పచ్చని, నీలపు మంటల్లాంటి తేళ్లు. అరచేయంతవి, గోరంతవి. తల్లుల వీపుల మీద గుంపులు గుంపులుగా పిల్లలు. అవి విడిచిన కుబుసాలు కూడా నగల్లా మెరుస్తున్నాయి. చూడబోతే నక్షత్రాలు రాలినట్టుంది. వినబోతే వేల కాళ్లు గరగరా పాకుతున్న చప్పుడు.

కుబుసాలను పటకారుతో ఏరి గంపలో వేస్తుండగా మెడ వెనక ఏదో చల్లగా నడిచింది. అరింజయుడు ఊపిరి బిగబట్టాడు. అది చెవి చుట్టూ తిరిగి, చెంప మీదుగా పెదవి అంచుకు వచ్చి ఆగింది. దాని కొండి నీలంగా మెరుస్తూ కంటికి ఎదురుగా లేచింది. అతడు కదలకుండా, నెమ్మదిగా పటకారు పైకెత్తి ఒక్క విదిలింపుతో దాన్ని ఎగరగొట్టాడు. అది పక్కగోడకు తగిలి పగిలి, దాని జిగట ముఖమంతా చిందింది. నాలుక మీద కూడా పడింది.

తాడు లాగి పైకి తీసేసరికి అతను ఉమ్ముతూనే ఉన్నాడు. ఎంత ఉమ్మినా ఆ చేదు పోలేదు.

అమావాస్య నాటి పొద్దున బొద్దయ్య ఒక మూతగంప తెచ్చి ఓబుళక్క ముందు పెట్టాడు. "దేవి నవ్వుకి తెలుపు కావాల. మెత్తగా నూరు. పలుకు తగిలిందో, స్వామి నీ వీపు ఒలుస్తాడు," అని వెళ్లాడు.

ఓబుళక్క మూత తీసింది. గంపలో పళ్లున్నాయి. మనుషుల పళ్లు. కొన్నింటి వేళ్లకు ఎండిన నెత్తురు ఇంకా అంటుకుని ఉంది. పాలపళ్లు కూడా ఉన్నాయి.

అరింజయుడి చేతిలోని పొత్రం జారిపోయింది. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా ఎగదన్నింది. గోడకు చేయి ఆనించి భళ్లున కక్కాడు. తల తిప్పి చూసేసరికి ఓబుళక్క ఏడవడం లేదు, అరవడం లేదు. గంపలోనుంచి ఒక పన్ను తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. దాని చుట్టూ సన్నని వెండితీగ బిగించి ఉంది.

"కదులుతాందంటే నేనే కట్టినా నాయనా దీన్ని," అంది మెల్లగా. "మా ఆయనది."

అతను మూతి తుడుచుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"పన్ను పీకినోళ్లు మనిషిని యాడ పెట్టింటారు?"

"రంగులశాల కింద గొయ్యి ఉంది అక్కా. బొద్దయ్య అన్నం కుండ దింపడం చూశాను."

"నువ్వు నీ చెల్లెల్ని చూసుకో. నేను నా మొగుణ్ని తెచ్చుకుంటా." వెండితీగ పన్నును కొంగున ముడివేసుకుని ఆమె లేచింది.

మధ్యాహ్నానికి ముందు కూలీలు రంగుకుండలు మోసి బిలం నడిమి మండపంలో పెట్టారు. తిమిరాక్షుడు అప్పటికే గోడ మీద దేవిని గీసి ముగించాడు. మామూలు దివిటీ వెలుతురులో అక్కడ ఏ గీతా కనిపించదు, బూడిదరంగు రాయి తప్ప. కుండలు దింపే నెపంతో అరింజయుడు గోడకు చేరువయ్యాడు. దేవి చూపుడువేలు ఎడమపక్కన ఉంటుందని ఊహించి, పిడికిట దాచిన దీపపుమసిని అక్కడ గట్టిగా రుద్దాడు. ఆ వేలు చెరిగిపోతే చెల్లెలు బతికినట్టే. రుద్దుతుంటే గోడ మీది జిగట అరచేతికి అంటుకుంది. బొద్దయ్య కేక వెయ్యగానే కూలీల వరసలోకి తప్పుకున్నాడు.

శంఖాలు మోగాయి. భద్రకీర్తి మహారాజు పట్టుబట్టలతో వచ్చాడు. వెనక మహారాణి హంసావళి, ఆ వెనక మంత్రులు, పౌరులు. రాజు నేరుగా వెళ్లి గోడ అడుగున దేవి పాదాలుండే చోట పెదవులు ఆనించి, వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. తిమిరాక్షుడు చెయ్యి ఊపాడు. దివిటీలన్నీ ఆరిపోయాయి. గోడకు ఎదురుగా నిలిపిన పెద్ద చీకటిదీపం తలుపు తెరుచుకుంది.

గోడ భగ్గుమంది! నీలాల కోక, పసుపుమంటల మేను, తేళ్లకాంతి కిరీటం. చల్లని తెల్లని నవ్వు. జనం గగ్గోలుగా నేలకు వంగారు. అరింజయుడు ఎడమపక్కకు చూశాడు. దేవి వేలు చెక్కుచెదరలేదు. సూటిగా హంసావళి వైపే చూపుతోంది. అతను చెరిపింది ఒక కంటిని!

"చూశారా! మహారాణి పాపం చూడలేక తల్లి ఒక కన్ను మూసుకుంది!" అని తిమిరాక్షుడు గర్జించాడు. "ఈమె నెత్తురు పారితేనే ఆ కన్ను తెరుచుకుంటుంది!"

భటులు హంసావళి భుజాలు పట్టుకున్నారు. రాజు చెవులు మూసుకుని ముఖం తిప్పుకున్నాడు.

"ఆగండి!"

అరింజయుడు ముందుకు ఉరికాడు. జనం బెదిరి దారి ఇచ్చారు. అతని గోళ్లు, వేళ్లు, వెంట్రుకలు, చెంప మీది చారలు పచ్చగా, నీలంగా మండుతున్నాయి. చీకట్లో నడిచి వస్తున్న దయ్యంలా ఉన్నాడు.

"దేవి వర్ణాలు దొంగిలించిన పాపి వీడు! పట్టుకోండి!" అన్నాడు మాంత్రికుడు.

"దొంగిలించలేదు, నా చేతులతో నూరాను! మహారాజా, నేను అరింజయుణ్ణి, నీ బావమరిదిని. నువ్వు ఇప్పుడు ముద్దుపెట్టుకున్న పాదాలు గబ్బిలాల ఉచ్చతో గీసినవి. ఆ కిరీటం తేళ్ల పొట్టు. ఆ నవ్వు దేనితో చేశారో తెలుసా? పక్కవాడి నోటిలోకి చూడు! అందరూ నోళ్లు తెరవండి!"

భయంతోనో, ఆశ్చర్యంతోనో జనం నోళ్లు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి. ఒకరినొకరు చూసుకున్నారు. చీకటినిండా వరసలు వరసలుగా పళ్లు వెలుగుతున్నాయి. దేవి నవ్వులోని తెలుపు అదే. ఆ చల్లదనం అదే.

"అబద్ధం..." అన్నాడు రాజు. ఆయన పళ్లు కూడా తెల్లగా మెరిశాయి.

వెనకనుంచి ఓబుళక్క గొంతు ఖణేలుమంది. "అబద్ధమైతే ఈన్ని చూడు రాజా!"

ఆమె భుజం మీద వాలి ఎముకలగూడులా ఉన్న మనిషి నడిచి వచ్చాడు. వాళ్ల వెనక గొయ్యిలోనుంచి బయటపడ్డ మరికొందరు. చెంగప్ప రాజుకు ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. మండపంలో అందరి నోళ్లూ వెలుగుతున్నాయి. అతని నోరు మాత్రం నల్లని గుంట.

"నా పల్లు... ఆ తల్లి నోత్లో ఉన్నై దొరా," అన్నాడు.

ఎవరో భోరుమన్నారు. ఎవరో వాంతి చేసుకున్నారు. భద్రకీర్తి ఉత్తరీయంతో పెదవులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడిచాడు. నెత్తురు చిమ్మేదాకా తుడుస్తూనే ఉన్నాడు. "వృద్ధమంత్రిని నేను ఈ బొమ్మ మాట మీద చంపించాను," అని గొణిగాడు. ఆ మాట గోడలకు తగిలి తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది.

తిమిరాక్షుడు ఇక ఆలస్యం చెయ్యలేదు. పిడికెడు పొడిని నేలకు కొట్టాడు. చెవులు బద్దలయ్యే పేలుడు! ఆ పొగలో హంసావళి జుట్టు పట్టి లాగుతూ గోడ పక్కనున్న రహస్యద్వారంలోకి దూరాడు. తోవలో కాళ్లకు తగిలి రంగుకుండలు పగిలి అతని బట్టలు తడిశాయి. అరింజయుడు పెద్ద చీకటిదీపాన్ని రెండు చేతులా ఎత్తుకుని ద్వారంలోకి దూకాడు.

సొరంగం పాములా మెలికలు తిరిగింది. నేల మీద పసుపుమంటల అడుగుజాడలు. పక్కనే ఈడ్చుకుపోయిన చిన్నపాదాల గీతలు. మలుపులో గోడ మీద హంసావళి అరచేతి గుర్తు, దాని కింద గాజుల గీతలు. తర్వాతి మలుపులో మరొకటి. ఆమె మాంత్రికుడి రంగంటిన బట్టల్ని తడుముతూ, అన్నకు దారి రాసిపోతోంది!

సొరంగం చివర భూగర్భనది. రంగులశాల మురికంతా అక్కడికే చేరుతుంది. నీటిమీద అడుగు మందాన నురుగు. ఉబ్బిన గబ్బిలాల కళేబరాలు. వెంట్రుకల పాయలు. ఒక పుట్టిపడవ ఒడ్డు విడిచింది. అందులో హంసావళిని కాళ్ల దగ్గర పడేసుకుని, నిలబడి తెడ్డు వేస్తున్న తిమిరాక్షుడి పట్టువస్త్రాలు ఎవరూ గీయని బొమ్మలా రంగులు చిమ్ముతున్నాయి.

"చూడరా యువరాజా!" అని అతను కేక వేశాడు. "నీ చెల్లెలి పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. ఇంకొక గోడ దొరక్కపోదు!"

"అన్నయ్యా, కొట్టు! నన్ను చూడకు, ఈ పుట్టిని పగలగొట్టు!" అని హంసావళి అరిచి, తానే పుట్టి అంచుమీదికి ఎగిరి దూకింది. పుట్టి తలకిందులైంది. ఇద్దరూ మురికిలో పడ్డారు. నీటిమీద పసుపు, నీలం, పచ్చ రంగులు వెలుగుతూ వలయాలుగా విచ్చుకుని, కరిగి, మాయమయ్యాయి.

అరింజయుడి చేతుల్లో దీపం ఒకసారి చిటపటమని ఆరిపోయింది.

కళ్లు పొడిచినా కానరాని చీకటి. ఎక్కడో నీరు కొట్టుకుంటున్న చప్పుడు. అతను ఊపిరి బిగించి దూకాడు. నురుగు ముఖాన్ని కప్పింది. మెత్తనిదేదో నోట్లోకి జొరబడింది. దాన్ని ఉమ్మేసి చప్పుడు వైపు ఈదాడు. చేతులతో గాలించాడు. ఒక కళేబరం తగిలింది, వదిలేశాడు. ఒక గుడ్డపేలిక తగిలింది, లాగాడు. చివరికి ఒక చెయ్యి అతని చేతిని పట్టుకుంది. మునిగిపోయేవాళ్లు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది.

"దొరికావు తల్లీ, వదలకు!" అంటూ అతను ఆ చేతిని గుండెకు అదుముకుని ఒడ్డువైపు ఈదసాగాడు. రెండు బారలు వేశాక, పట్టు జారకుండా వేళ్లను మణికట్టు మీదికి జరిపాడు.

ఆ చేతికి గాజులు లేవు.